చెయ్యి వదిలితే ఆగాలి

మా ఆవిడను చంపింది మా బావమరిది. దీని మీద వాదన లేదు. వాడే ఒప్పుకున్నాడు.

మిషను తెచ్చింది వాడు. మడులు దున్నుకునే చిన్న టిల్లరు, వెనక నడుస్తూ తోలేది. ఎవరో వాడి షాపులో రిపేరుకిచ్చి మళ్ళీ రాలేదట. బాగుచేసి, నీలం రంగు కొట్టి, "అక్కకి నడుం నొప్పి తగ్గుతుంది బావా" అంటూ మా మొక్కల నర్సరీలో దింపాడు. దాని హ్యాండిలు కింద ఒక లివరుంటుంది. నొక్కి పట్టుకున్నంతసేపే బ్లేడ్లు తిరుగుతాయి, మిషను కదులుతుంది. చెయ్యి వదిలితే ఆగాలి. మా ఆవిడకు బొటనవేళ్ళ కీళ్ళు వాచిపోయి ఉండేవి. ఏళ్ళ తరబడి మొక్కలకు అంట్లు కట్టిన చేతులవి. లివరును ఎక్కువసేపు నొక్కలేకపోయేది. అందుకని వాడు దాన్ని హ్యాండిలుకు కట్టేశాడు. ఆగాల్సిన మిషను ఆగలేదు. రివర్సులో వెనక్కొచ్చి ఆమెను నీళ్ళ తొట్టి గోడకు నొక్కేసింది. కాళ్ళకు చెప్పులున్నాయి. ఇంతకంటే చెప్పను.

నేనప్పుడు మొక్కల లోడుతో బయటికి వెళ్ళాను. ఎదురింటి టైలరమ్మ ఫోను చేసింది. లివరు కట్టేసి ఉందని మా బావమరిది అరుస్తుంటే విన్నానంది. ఆస్పత్రికి చేరేసరికి వాడు వరండాలో నిలబడి ఉన్నాడు. చొక్కా అంతా మట్టి.

"ఎవడు కట్టాడు దాన్ని?" అన్నాను.

"నేనే బావా" అన్నాడు.

ఆమె ఆ రాత్రి దాటలేదు.

దేనితో కట్టావని నేనడగలేదు. అడగక్కర్లేదు. వీధిలో వాడి పేరే వైరు. కళ్ళజోడు కాడ విరిగితే వైరు, చెప్పు తెగితే వైరు, షాపు బోర్డు వేలాడేది వైరు మీద. పళ్ళు కదిలితే అవి కూడా వైరుతోనే కట్టుకుంటాడని మా ఆవిడే నవ్వేది. జేబులో కటింగ్ ప్లేయరు లేకుండా వాణ్ణి ఎవరూ చూడలేదు.

వాడికి నేను చెప్పింది ఒకటే మాట. "నా గేటు దాటి లోపలికి అడుగు పెట్టకు." గేటుకు లోపలి నుంచి ఇనప గడియ పెట్టించాను. వాడు పెట్టలేదు అడుగు. ఆమె దినకర్మ రోజున కూడా రోడ్డు మీదే నిలబడ్డాడు.

మా అమ్మాయి నాతోపాటే నర్సరీ చూసుకుంటుంది. దానికి నా నోరొచ్చింది, వాళ్ళమ్మ చెయ్యొచ్చింది. అంటు కడితే వాళ్ళమ్మ కట్టినట్టే ఉంటుంది. పాత దుప్పటి చింపిన పేలిక రెండు చుట్లు తిప్పి, కొసను కిందనుంచి దోపి, పంటితో పట్టి లాగుతుంది. గాలికి మొక్క ఊగిన కొద్దీ ఆ కట్టు బిగుస్తుంది తప్ప వదులవదు. విప్పడమంటూ ఉండదు. కత్తితో కొయ్యడమే. అందుకే మా ఇంట్లో అందరి జేబుల్లోనూ అంటు కత్తి ఉంటుంది. కోసిన పేలికలు మడుల్లో ఎక్కడపడితే అక్కడ పారేస్తుందని మా ఆవిడను తిట్టేవాణ్ణి. ఏరి ముఖాన కొట్టినంత పని చేసేవాణ్ణి. ఆవిడ నవ్వి ఊరుకునేది.

ఈ ఏడు వానలు ముందే వచ్చేలా ఉన్నాయి. తవ్వకానికి వచ్చే మనుషులు రాలేదు. నారు మీద నారు పెరిగిపోతోంది. నేను పని మీద బయటికి వెళ్ళొచ్చేసరికి షెడ్డులో మిషను మీద కప్పి ఉంచిన టార్పాలిన్ ఖాళీగా పడుంది. సాయంత్రానికి మిషను తిరిగొచ్చింది. కడిగి, ఆయిలు మార్చి, లివరుకు కొత్త స్ప్రింగు వేసి ఉంది.

"ఎవరు చేశారిది?"

"ఊళ్ళో ఎంతమంది మెకానిక్కులున్నారేంటి నాన్నా?"

"వాడి చెయ్యి పడిన మిషను నా మడిలో దిగదు."

"అయితే నీ చెయ్యి పడనీ. పార తీసుకో. నేను మొక్కలమ్ముతూ కూర్చుంటాను." నా నడుం సంగతి దానికి తెలుసు. "తిడితే తిట్టు. తిట్టి అలిసిపోయాక చెప్పు, స్టార్టు చేస్తాను."

నేను అలిసిపోలేదు. కానీ నారు ఆగదు.

మర్నాడు పొద్దున వాడు గేటు బయట ప్రత్యక్షమయ్యాడు. నేర్పుతానని అమ్మాయికి మాటిచ్చాడట. గడియ వేసే ఉంది. టైలరమ్మ ఎదురుగా కుట్టు మిషను తొక్కుతూ చూసి, షాపులోంచి ఒక స్టూలు తెచ్చి వాడి పక్కన వేసింది.

"ఏం తమ్ముడూ, గేటుకి కాపలా కుదిరిందా?"

"జీతం మాట్లాడుకోలేదక్కా ఇంకా."

నేను కుండీల షెడ్డులో మట్టి కలుపుతూ కూర్చున్నాను. విననట్టే ఉన్నాను. వాడి గొంతు గేటు మీదుగా లోపలికొస్తోంది. గొంతుకు గడియ పెట్టలేం కదా.

"అమ్మడూ, ఆ చెప్పులు తీసెయ్. బూట్లేవి?"

"కాళ్ళు ఉడికిపోతాయి మామయ్యా."

"ఉడికితే చల్లారతాయి. తెగితే అతకవు. వేసుకో. ముందు గట్టి రేకున్నవి ఇచ్చాను కదా, అవే. ఏప్రాను తాళ్ళు వేలాడుతున్నాయి చూడు, లోపలికి దోపు. జుట్టు పైకి ముడెయ్. ఇప్పుడు మడిలోకి నడిచి రాళ్ళూ, కర్రలూ, పాత తాళ్ళూ ఏరు. బ్లేడుకి రాయి తగిలితే మిషను ఎగురుతుంది. దాని వెనక నువ్వూ ఎగురుతావు."

"ఎగిరి ఎక్కడ పడతాను?"

"మీ నాన్న మీద. అప్పుడు నీకు దెబ్బలు కాదు, తిట్లు."

టైలరమ్మ పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"బ్లేడ్లకి గడ్డి చుట్టుకుంటే చెయ్యి పెట్టెయ్యకు. ముందు ఇంజను ఆపు. అదిగో ఆ ప్లగ్గు మీది వైరు పీకు. పీకాకే చెయ్యి పెట్టు. ఇంజను వేడి మీదుండగా పెట్రోలు పొయ్యకు. దగ్గర్లో ఎవరైనా వస్తుంటే ఆపు, వాళ్ళు పోయాక మొదలుపెట్టు. రివర్సు వేసే ముందు వెనక్కి చూడు. వెనక గోడ ఉంటే వెయ్యనే వద్దు. మిషను ఆపేసి, చేత్తో పట్టి తిప్పుకో."

ఆ తర్వాతి మాటకు గొంతు తగ్గింది.

"ఆ తొట్టి పక్క మడి మిషనుతో వద్దమ్మా. అది పారతో తవ్వుకో."

ఆ మడి అప్పటినుంచీ బీడే. నేను అటు వెళ్ళను.

"సరే, స్టార్టు చెయ్. లివరు నొక్కు. ఇప్పుడు వదులు. ఆగిందా? మళ్ళీ నొక్కు. వదులు. రోజూ ముందు ఇది చూసుకోవాలి. చెయ్యి వదిలితే ఆగాలి. ఆగలేదా, ఆ రోజు దాన్ని ముట్టుకోకు. నాకు చెప్పు."

అప్పుడిక ఊరుకోలేకపోయాను. షెడ్డులోంచి బయటికొచ్చాను.

"విను అమ్మా, బాగా విను. కట్టినవాడే వచ్చి విప్పడం గురించి పాఠం చెబుతున్నాడు. ఇంతకంటే మంచి పంతులు ఎక్కడ దొరుకుతాడు!"

గేటు బయట మాట ఆగిపోయింది. టైలరమ్మ కుట్టు మిషను కూడా ఆగింది. వాడు స్టూలు మీద కూర్చుని తల దించుకున్నాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు.

అమ్మాయి బాగానే దున్నింది. పరిగెత్తకుండా, మిషనుతో గుంజులాడకుండా, దాని నడక ఎంతో తన నడక అంతగా. రాయి తగిలినప్పుడల్లా లివరు వదిలేసింది. మిషను ఆగింది. రాయి తీసి పారేసి మళ్ళీ నొక్కింది. నేను చూస్తున్నానని తెలిసి నావైపు ఒకసారి గడ్డం ఎగరేసింది కూడా. ఎండ నెత్తి మీదికొచ్చేసరికి ఒక్క మడి మిగిలింది. తొట్టి పక్కది, వాడు మిషనుతో వద్దన్నది.

అప్పటికే అమ్మాయి చెయ్యి లాగేసి ఉండాలి. కొత్త స్ప్రింగు గట్టిది. మధ్యమధ్య చెయ్యి విదిలించుకోవడం చూశాను. తర్వాత నాకు వీపు చేసి హ్యాండిలు మీదికి వంగింది. తల పక్కకు తిప్పి పంటితో ఏదో లాగింది. గ్లౌజు సరిచేసుకుంటోంది అనుకున్నాను. మట్టి కలపడంలో పడ్డాను. గేటు దగ్గరున్నవాడికి తొట్టి కనబడదు. మధ్యలో పూలమొక్కల వరస ఉంది.

కనబడకపోయినా వాడికి వినబడింది. మెకానిక్కు కదా. ఇంజను మోత ఒక్కసారిగా బరువెక్కింది.

"అమ్మడూ! రివర్సు వద్దు! వదిలెయ్! చెయ్యి వదిలెయ్!"

గేటు ఊగిపోతోంది. తలెత్తి చూశాను.

చెయ్యి వదిలేసే ఉంది. రెండు చేతులూ గాల్లో ఉన్నాయి. అయినా మిషను ఆగడం లేదు. వెనక్కి పాకుతోంది. హ్యాండిలు అమ్మాయి పొట్టకు ఆనింది, వీపు తొట్టి గోడకు ఆనింది. కింద బ్లేడ్లు మట్టి చిమ్ముకుంటూ కాళ్ళ దగ్గరికొస్తున్నాయి. అమ్మాయి నోరు తెరిచి ఉంది. నన్నే చూస్తోంది.

నేను ఎలా వెళ్ళానో చెప్పలేను. హ్యాండిలు పట్టుకుని లాగాను, రాలేదు. అప్పుడు కనబడింది. లివరు చుట్టూ తెల్లటి పేలిక. రెండు చుట్లు, కొస కిందనుంచి దోపి. వేలితో లాగితే ఇంకా బిగిసింది. జేబులో కత్తి ఉంది. తీశాను. గుడ్డతో పాటు నా వేలు కూడా తెగింది. లివరు టపుక్కున ఎగిరింది. బ్లేడ్లు ఆగాయి.

ఆ వెంటనే గేటు దగ్గర ఇనుము విరిగిన చప్పుడైంది. వాడు మొక్కలు తొక్కుకుంటూ వచ్చాడు. ముందు ఇంజను ఆపాడు. ప్లగ్గు వైరు పీకాడు. తర్వాత ఇద్దరం కలిసి మిషను ముందుకు నెట్టాం. అమ్మాయి గోడ మీదుగా జారి కింద కూలబడింది.

ఎడమ బూటు ముందు భాగం చీలిపోయి ఉంది. లోపలి రేకు బయటికి వంగింది. దాని వెనక వేళ్ళు కనబడుతున్నాయి. అన్నీ ఉన్నాయి. నేను రెండోసారి చూశాను. అన్నీ ఉన్నాయి.

అప్పుడు వాడొక పని చేశాడు. హ్యాండిలు కింద పడిన పేలిక ముక్కను తీసి గుప్పిట్లో దాచాడు. దాచడం నేను చూశాను.

"చెయ్యి తెరువు."

"ఏం లేదు బావా."

"మామయ్యని అనకు నాన్నా, నేనే కట్టాను." అమ్మాయి ఏడుస్తోంది. "చివరి మడి కదా, మిషనుతోనే కానిచ్చేద్దామని. చెయ్యి లాగేసింది. గుడ్డేగా, పరవాలేదనుకున్నాను."

"అంటు కట్టు ఊడదని నీకు తెలీదూ?"

"జేబులో కత్తి ఉందిగా అనుకున్నాను. మీద పడ్డాక చెయ్యి జేబులోకి పోలేదు. అమ్మ కట్టుకున్నన్నాళ్ళూ ఏమీ కాలేదు కదా నాన్నా. ఆ రోజు మామయ్య వైరు కట్టబట్టే..."

"ఎవరు కట్టుకున్నన్నాళ్ళూ?"

అది వాళ్ళ మామయ్య వైపు చూసింది. వాడు తొట్టి వైపు చూస్తున్నాడు.

"ఎవరే?"

"అమ్మ. ఎప్పుడూ కట్టుకునేది. నువ్వు వచ్చే టైముకి కోసేసేది. నువ్వు తిడతావని."

కోసిన పేలికలు. మడుల్లో ఎక్కడపడితే అక్కడ. అంట్లు కట్టని మడుల్లో కూడా. వాటిని ఏరినవాణ్ణి నేనే.

నేను బావమరిది వైపు తిరిగాను. వాడి కళ్ళజోడు కాడ వైరు ఊడి చెంప మీదికి వేలాడుతోంది. గేటు విరగ్గొట్టడంలో ఊడినట్టుంది.

"ఆ రోజు దాని మీద ఉన్నది వైరా, గుడ్డా?"

"ఇప్పుడెందుకు బావా? పిల్లకి ముందు మంచినీళ్ళు..."

"వైరా, గుడ్డా?"

వాడు కళ్ళజోడు తీసేశాడు.

"గుడ్డ."

"నీకు అంటు కట్టడం వచ్చా?"

"రాదు."

అమ్మాయి ఏడుపు ఆగిపోయింది.

"లివరు పీకెయ్యమని అక్క నన్నడిగింది" అన్నాడు వాడు నేల చూస్తూ. "పీకనన్నాను. పోనీ వైరు కట్టి పెట్టరా అంది. షాపు మూసుకుంటాను కానీ కట్టనక్కా అన్నాను. ఇంకోసారి అడగలేదు. కట్టుకుంటోందని నాకు తెలీదు బావా. ఆ రోజు నేను వచ్చేసరికే... నేనే కోశాను. వ్యానులో తీసుకెళ్తుంటే నా వేలు పట్టుకుంది. మీ బావకి చెప్పకురా, తిడతారు అంది. సరే అన్నాను. బతుకుతుంది కదా, బతికాక తనే చెప్పుకుంటుంది కదా అనుకున్నాను. నువ్వొచ్చి ఎవడు కట్టాడన్నావు. అన్నాక ఇంక వెనక్కి ఎలా తీసుకోను?"

నేను తొట్టి గోడ వైపు చూశాను.

కాళ్ళు పోయిన మనిషి. నెత్తురు పోతున్న మనిషి. దారిలో నీళ్ళడగలేదు. కూతుర్ని చూపించమనలేదు. నా నోట్లోంచి ఏమొస్తుందో అని చూసుకుంది. తమ్ముడి వేలు పట్టుకుని, ఆ ఒక్కటీ తప్పించమంది.

వాడు తప్పించాడు. ఆమెకు రావాల్సిన తిట్లన్నీ వాడు తిన్నాడు. వీధిలో, షాపు ముందు, నలుగురిలో. ఇవాళ పొద్దున కూడా. పక్కన టైలరమ్మ ఉండగా.

అలాగని వాడి మీద నాకు జాలి కలిగిందనుకోకండి. కలగలేదు.

"నువ్వు నిజం చెప్పి ఉంటే ఇది గుడ్డ ముట్టుకునేదా?" అన్నాను. "వైరు చంపింది, గుడ్డ మంచిది అనుకుంది ఇది. ఎందుకనుకుంది? నువ్వు నేనే అన్నావు కాబట్టి అనుకుంది. మీ అక్క పరువు కాపాడావు. నా కూతుర్ని గోడకు నొక్కావు."

వాడు తల ఊపాడు. కాదనలేదు. గుప్పిట తెరిచి పేలిక ముక్క నా చేతిలో పెట్టాడు. నా వేలి నెత్తురు దానికంటింది.

"నన్ను తిట్టవేం నాన్నా?" అంది అమ్మాయి. "తిట్టు. నాకు భయమేస్తోంది. తిట్టు నాన్నా."

"బూటు తియ్యి" అన్నాను. "వేళ్ళు కదుపు."

కదిపింది. ఒక వేలు సరిగ్గా కదల్లేదు. వాచింది. విరగలేదని తర్వాత డాక్టరు చెప్పింది. పక్కటెముకలు కమిలాయి, అంతే అంది. అంతే అనే మాట ఆవిడ ఎంత తేలిగ్గా అందో.

డాక్టరు దగ్గరికి బయల్దేరుతుంటే వాడు విరిగిన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. రోడ్డు మీద ఒక కాలు, లోపల ఒక కాలు.

"నేను వెళ్ళనా బావా?"

"గడియ విరగ్గొట్టింది ఎవరు?"

"నేనే."

"ఈసారైనా నిజమేనా?"

"నిజమే బావా."

"అయితే బాగుచేసి ఏడువు."

మేం తిరిగొచ్చేసరికి గడియ నిలబడి ఉంది. వైరుతో కట్టాడు. లోపల నుంచీ తీసుకోవచ్చు, బయట నుంచీ తీసుకోవచ్చు. నేను మార్చమనలేదు. మిషను హ్యాండిలు చుట్టూ కూడా ఒక రేకు తొడిగాడు. ఇంక దానికి గుడ్డ చుట్టాలన్నా చోటు లేదు. లివరుకు మెత్తటి స్ప్రింగు వేశాడు. ఆ స్ప్రింగు మొదటే వేసి ఉండొచ్చు కదా అన్నాను. అప్పుడు దొరకలేదు బావా అన్నాడు. నమ్మానో లేదో నాకే తెలీదు.

వాడి మీద వేసిన మాట నేనే తియ్యాలని అమ్మాయి పట్టుబట్టింది. అందుకు ఇది రాశాను. మొదటి వాక్యం కొట్టెయ్యమంది. కొట్టెయ్యను. అది నేను వీధి వీధంతా తిరిగి అన్న మాట. అది అక్కడే ఉండాలి. దాని కింద ఉన్నదీ చదువుకోండి.

టైలరమ్మ రెండుసార్లు అడిగింది, ఆ రోజు తొట్టి దగ్గర ఏమనుకున్నారన్నయ్యా అని. మిషను ఆగిందమ్మా అని చెప్పాను. వాడు అడగడు. అమ్మాయికి అడగవద్దని చెప్పాను. పేలిక ముక్క ఎక్కడుందో నాకు తెలుసు, మీకనవసరం. దీని గురించి నేను ఇంకెప్పుడూ నోరు విప్పను. నా దగ్గర ఎవరూ ఎత్తొద్దు.